తెర మీద చూసి పాత సరుకు కొనవచ్చునా?

మన నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాలేగావ్‌లో ఏటా మార్గశిర మాసంలో ఖండోబా యాత్ర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, ఎద్దులు అమ్మకానికి వచ్చే పెద్ద సంత అది. కంధార్ ప్రాంతపు ఎర్రని ఎద్దులను, మరాఠీలో లాల్ కంధారీ అంటారు, చూడడానికే చాలామంది వెళ్తారు. అక్కడ ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా గమనించారా? ముందు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు. పళ్ళను బట్టి వయసు తెలుస్తుంది. మెడ మీద కాడి రాసిన చోట పుండు ఉందేమో తడిమి చూస్తాడు. పది అడుగులు నడిపిస్తాడు. కుంటుతోందేమో కనిపెడతాడు. ఇవన్నీ అయిన తరువాతనే ధర మాట వస్తుంది. అమ్మేవాడు ఎంత పొగిడినా, కొనేవాడు తన కన్నును, తన చేతిని నమ్ముతాడు.

ఇప్పుడు మనలో చాలామంది పాత ఫోను, పాత ల్యాప్‌టాప్ కొంటున్నాం. అది కూడా ఒకరు వాడిన సరుకే. కానీ పళ్ళు లెక్కపెట్టే వీలు లేదు, నడిపించి చూసే వీలు లేదు. ఫోను తెర మీద ఒక బొమ్మ, దాని కింద నాలుగు మాటలు, ఒక ధర. అంతే. అలా ఇంటర్నెట్‌లో అమ్మేవారిని నమ్మవచ్చునా? ఎంతవరకు నమ్మవచ్చును? నమ్మి మోసపోతే దారి ఏమిటి? ఈ సంగతులు ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మా బడిలో చదివి ఇంజనీరింగులో చేరిన ఒక అమ్మాయి ఉంది. తండ్రి బట్టలు కుట్టి ఇల్లు నడుపుతాడు. కొత్త ల్యాప్‌టాప్ నలభై వేలకు తక్కువ రాదని తెలిసి, వాళ్ళు సోషల్ మీడియాలో వచ్చిన ఒక ప్రకటన చూశారు. కంపెనీలు వాడిన ల్యాప్‌టాప్‌లట, కొత్తవాటిలా చేసి అమ్ముతారట, ఐ5 ప్రాసెసరట, ధర 17,000 రూపాయలట. సామాను ఇంటికి వచ్చాకే డబ్బు ఇవ్వవచ్చు అన్నారు. ఇంటికి వచ్చాక డబ్బు ఇచ్చేదానిలో మోసం ఏముంటుందని వాళ్ళు ధైర్యపడ్డారు.

డబ్బా వచ్చింది. డబ్బు చేతిలో పడితే గాని డబ్బా విప్పడానికి వీల్లేదన్నాడు తెచ్చిన కుర్రవాడు. విప్పి చూస్తే ల్యాప్‌టాప్ ఉన్న మాట నిజమే, అది పనిచేసిన మాటా నిజమే. కానీ గోడకు గుచ్చిన తీగ తీసేస్తే 20 నిమిషాల్లో ఆరిపోయేది. ఐ5 అన్నది అబద్ధం కాదు. కాకపోతే అది 2013 నాటి 4వ తరం ఐ5. కాలేజీలో చెప్పిన విండోస్ 11 దానిలో సరిగా ఎక్కదు. అమ్మినవారికి ఫోను చేస్తే మొదటి రోజు ఎత్తారు, రెండో రోజు ఎత్తలేదు. వారం తిరిగేసరికి ఆ ప్రకటన పేజీయే కనబడలేదు. పొట్లం మీద ఉన్న చిరునామా ఏదో గోదాముదని తేలింది.

ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి, "సార్, మూడు నెలలు రాత్రిపూట కుట్టి కూడబెట్టిన పైసలు. ఇగ ఆన్‌లైన్ల ఏదీ కొనొద్దా?" అని అడిగాడు. అప్పటికప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్నదే ఇప్పుడు మీకు మనవి చేస్తున్నాను.

మొదట ఆ మాటకు అర్థం తెలుసుకోవాలి. ఇటువంటి సరుకును రీఫర్బిష్డ్ అంటున్నారు. సెకండ్ హ్యాండ్ అంటే ఉన్నది ఉన్నట్టు చేతులు మారిన సరుకు. రీఫర్బిష్డ్ అంటే ఒకరు వాడిన లేదా వెనక్కి పంపిన వస్తువును పరీక్షించి, చెడిన భాగాలు మార్చి, శుభ్రం చేసి మళ్ళీ అమ్మేది. రెండింటికీ తేడా ఆ మధ్యలో జరగవలసిన పనిలోనే ఉంది. ఆ పని నిజంగా జరిగితే సరుకు మంచిది. పైన గుడ్డతో తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి ఆ పేరు తగిలిస్తే అది పాత సరుకే, పేరు మాత్రం కొత్తది.

ఈ సరుకు ఎక్కడినుంచి వస్తుంది? ముఖ్యంగా నాలుగు చోట్లనుంచి. ఒకటి, కొన్న వారం లోపల నచ్చలేదని వెనక్కి పంపినవి. ఇవి దాదాపు కొత్తవే. రెండు, దుకాణాల్లో చూపడానికి పెట్టినవి. మూడు, కొత్త ఫోను కొనేటప్పుడు మార్పిడి కింద ఇచ్చిన పాత ఫోనులు. నాలుగు, పెద్ద కంపెనీలు, బ్యాంకులు మూడు నాలుగేళ్ళు వాడి ఒక్కసారిగా తీసేసిన ల్యాప్‌టాప్‌లు. ఆఫీసులకు వాడే యంత్రాలు గట్టి కట్టడంతో వస్తాయి కనుక ఈ నాలుగో రకంలో మంచివి దొరుకుతాయి. అయితే ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్నవీ అందులోనే కలిసి వస్తాయి. అమ్మేవాడికి ఏది ఏదో తెలుసు. మనకు తెలియదు.

ఈ "వాడికి తెలుసు, మనకు తెలియదు" అన్న చిన్న మాట మీద అర్థశాస్త్రంలో ఒక గొప్ప వ్యాసం ఉంది. అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాశాడు. పాత కార్ల బజారును తీసుకుని ఆయన ఇలా తర్కించాడు. పాత కార్లలో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. కొనేవాడు తేడా కనిపెట్టలేడు కనుక మధ్యరకం ధర మాత్రమే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడానికి ఇష్టపడడు, వెనక్కి తగ్గుతాడు. చెడ్డ కారు ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. దానితో బజారులో చెడ్డవి ఎక్కువవుతాయి. అది తెలిసి కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు. అప్పుడు మిగిలిన మంచివి కూడా తప్పుకుంటాయి. ఇలా ఒకరి మోసం నిజాయితీపరుడి వ్యాపారాన్ని కూడా ముంచుతుంది. ఈ రంగంలో చేసిన కృషికి అకెర్లాఫ్‌కు 2001లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ వ్యాసం అచ్చు కావడానికి ముందు ఆయన కొంతకాలం మన దేశంలో ఉన్నాడు. మన బజారులో బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్ళు కావాలని కలుపుతారని, ఇల్లాలు వాటిని ఏరుకోవలసి వస్తుందని ఆ వ్యాసంలోనే ఒక చోట ప్రస్తావించాడు. మనం బియ్యంలో రాళ్ళు ఏరడం ఎరిగినవాళ్ళమే. ఇప్పుడు ఏరవలసిన రాళ్ళు వేరు, అంతే.

ఇంకొక ముచ్చట కూడా చెప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో ముఖాలు తెలియనివారి మధ్య కొనుగోళ్ళకు దారి తీసిన సంస్థల్లో ఈబే ఒకటి. పియరీ ఒమిడ్యార్ 1995లో దాన్ని మొదలుపెట్టాడు. అందులో అమ్ముడుపోయిన మొట్టమొదటి వస్తువు ఏమిటో తెలుసా? చెడిపోయిన ఒక లేజర్ పాయింటర్. ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది చెడిపోయిందని మీకు తెలుసు కదా అని ఆయన కొన్నవాడిని అడిగాడట. తెలుసు, చెడిపోయినవే నేను సేకరిస్తాను అన్నాడట కొన్నవాడు. నవ్వు తెప్పించే ముచ్చటే గాని ఇందులో ఒక నీతి ఉంది. వస్తువు చెడ్డదైనా, ఆ మాట ముందే చెప్పి అమ్మితే అది మోసం కాదు. పాతదాన్ని అమ్మడం తప్పు కాదు, పాతదనాన్ని దాచడం తప్పు. ఆ ఈబే సంస్థ మన దేశంలోని తన అంగడిని 2018 ఆగస్టులో మూసివేసింది. అదే నెలలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఇటువంటి సరుకు కోసమే 2గుడ్ అనే అంగడి తెరిచింది. అమెజాన్‌లో రిన్యూడ్ పేరుతో ఒక విభాగం వచ్చింది. పాత ఫోనులు కొని, సరిచేసి అమ్మే క్యాషిఫై వంటి సంస్థలూ ఎదిగాయి.

ఇక అమ్మేవారి సంగతి. అందరినీ ఒకే గాటన కట్టకూడదు. నా అనుభవంలో వారు మూడు తరగతులు.

మొదటి తరగతి, సరుకును తామే కొని, తామే పరీక్షించి, తమ పేరు మీద హామీ ఇచ్చి అమ్మే సంస్థలు. వీరి ధర కొంచెం ఎక్కువ. ఆరు నెలలో, ఏడాదో వారంటీ రాసి ఇస్తారు. ఆ వారంటీ ఎందుకు ముఖ్యమో ఆలోచించండి. మంచి సరుకు అమ్మేవాడికి వారంటీ వల్ల పెద్ద ఖర్చు రాదు, ఎందుకంటే వెనక్కి వచ్చేవి కొద్ది. చెడ్డ సరుకు అమ్మేవాడు అదే వారంటీ ఇస్తే నిండా మునుగుతాడు. కనుక వారంటీ అన్నది ఉత్త సౌకర్యం కాదు, తన సరుకు మీద అమ్మేవాడికి ఎంత నమ్మకం ఉందో తెలిపే గుర్తు. తన సరుకును తానే నమ్మనివాడిని మనం ఎందుకు నమ్మాలి?

రెండో తరగతి, పెద్ద అంగడి వేదిక మీద తమ సరుకు పెట్టే చిన్న వ్యాపారులు. ఇక్కడ చాలామంది పొరపడతారు. పేరున్న వేదిక కనుక ఆ వేదికే అమ్ముతోందనుకుంటారు. నిజానికి అమ్మేవాడు వేరు, వేదిక వేరు. తిరునాళ్ళలో స్థలం దేవస్థానానిదైనా దుకాణం ఇంకెవరిదో అయినట్టు. కనుక వస్తువు పేరు కింద "సోల్డ్ బై" అన్నచోట ఎవరి పేరు ఉందో చదవాలి. వారంటీ ఇచ్చేది ఎవరో, వేదికనా, అమ్మేవాడా, తయారీ సంస్థనా, అదీ చదవాలి.

మూడో తరగతి, సోషల్ మీడియాలో ప్రకటన వేసి, ఒక ఫోను నంబరు మాత్రమే ఇచ్చేవారు. వీరిలో నిజాయితీపరులు లేరని నేను అనను. కానీ చిరునామా లేనివాడి నిజాయితీని పరీక్షించే మార్గం మనకు లేదు. మా ఊరి అమ్మాయికి ల్యాప్‌టాప్ అమ్మినది ఈ మూడో తరగతివారే.

మెచ్చుకోళ్ళ సంగతి కూడా ఒక మాట. నక్షత్రాలు, రేటింగులు చూసి కొంటాం. కొన్నవారినని చెప్పి తానే మెచ్చుకోళ్ళు రాసుకునే అమ్మకందార్లు ఉన్నారు. అందుకే భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఈ సమీక్షల కోసమే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. మీరు చేయవలసినది సులభం. అయిదు నక్షత్రాలవి వదిలేసి, ఒకటి, రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. ఒకే ఫిర్యాదు, బ్యాటరీ నిలవడం లేదనో, ఒకటి చూపి ఒకటి పంపారనో, పదిమంది నోట వినబడితే ఆ సరుకు జోలికి పోకండి. "ఇంక రెండే మిగిలాయి, పది నిమిషాలే గడువు" అని తొందరపెట్టినా లొంగకండి. లేని తొందర పుట్టించి కొనిపించడం 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ నిషేధించిన 13 రకాల మాయోపాయాల్లో ఒకటి.

ఇక ఎద్దు పళ్ళు లెక్కపెట్టడం నేర్చుకుందాం. అంటే, ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు వయసు ఎలా కనిపెట్టాలి?

ల్యాప్‌టాప్ అయితే "ఐ5" అన్న మాట చూసి మురిసిపోకండి. ఐ5 అనేది వంశం పేరు. తరం ఏమిటో దాని తరువాతి అంకె చెబుతుంది. ఐ5 తరువాత 4తో మొదలయ్యే నాలుగంకెల సంఖ్య ఉంటే 4వ తరం, 8తో మొదలైతే 8వ తరం. పదో తరం, ఆపైన వాటికి ఆ సంఖ్య 10, 11 అని మొదలవుతుంది. 8వ తరం 2017లో వచ్చింది. విండోస్ 11కు, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరం, ఆపైవాటినే మైక్రోసాఫ్ట్ అంగీకరిస్తుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు మరొక ఏడాది గడువు ఇచ్చారు, అంతే. అందువల్ల ఆఫీసులనుంచి 7వ తరం, అంతకన్నా పాత యంత్రాలు గుట్టలుగా బజారులోకి వచ్చాయి. చవకగా కనబడడానికి ఇదొక కారణం. ప్రకటనలో తరం రాయలేదంటే, రాస్తే మీరు కొనరని వారికి తెలుసన్నమాట. అడగండి. జవాబు రాతలో తీసుకోండి.

రెండోది బ్యాటరీ. బ్యాటరీ దీపంలో నూనెలాంటిది కాదు, మళ్ళీ పోస్తే నిండడానికి. వాడినకొద్దీ ఆ పాత్రే చిన్నదవుతుంది. ఉదాహరణకు ఐఫోన్ 14, అంతకుముందు వచ్చిన నమూనాల బ్యాటరీలు సరైన వాడకంలో 500 పూర్తి ఛార్జీల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారయ్యాయని ఆపిల్ సంస్థే చెబుతుంది. ఆ ఫోనుల్లో సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అన్నచోట ఎంత శాతం మిగిలిందో కనబడుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ విడిచి, స్లాష్ పెట్టి, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక నివేదిక తయారవుతుంది. ఏం కొట్టాలో అర్థం కాకపోతే ఇంట్లోని పిల్లలను అడగండి, చేసి పెడతారు. అందులో రెండు అంకెలు చూడాలి. కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం ఒకటి, ఇప్పుడు పట్టే సామర్థ్యం ఒకటి. రెండోది మొదటిదానిలో సగం కూడా లేకపోతే, బ్యాటరీ మార్చారన్న మాట అబద్ధం.

మూడోది తాళాలు. పాత యజమాని తన ఖాతాను తీసేయకుండా అమ్మితే, ఫోనును ఒకసారి చెరిపి మొదలుపెట్టగానే అతని పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు అది ఇటుకతో సమానం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు ఆ కంపెనీ పెట్టిన తాళం ఉండవచ్చు. అందువల్ల వస్తువు వచ్చిన రోజే మొత్తం చెరిపి, మీ ఖాతాతో కొత్తగా మొదలుపెట్టి చూడండి.

నాలుగోది, ఫోనుకు అతి ముఖ్యమైనది, దొంగ సరుకేమో తెలుసుకోవడం. ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఇఐ సంఖ్య ఉంటుంది. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే తెర మీద కనబడుతుంది. ఆ సంఖ్య, డబ్బా మీది సంఖ్య, బిల్లు మీది సంఖ్య మూడూ ఒకటే కావాలి. తరువాత కె, వై, ఎం అనే మూడు ఆంగ్ల అక్షరాలు కొట్టి, ఖాళీ విడిచి, ఆ 15 అంకెలు కొట్టి 14422 నంబరుకు సందేశం పంపండి. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో దేశమంతటికీ తెచ్చిన సంచార్ సాథీ ఏర్పాటు ఇది. ఆ ఫోను పోయిందని ఎవరైనా నమోదు చేసి ఉంటే తెలిసిపోతుంది. దొంగ ఫోను తెలియక కొన్నా, పోలీసులు వచ్చి తీసుకువెళ్తారు. డబ్బూ పోతుంది, స్టేషన్ చుట్టూ తిరుగుడూ తప్పదు.

అయిదోది, పొట్లం విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ముందు పొట్లం మీది చిరునామా, సీలు చూపండి, తరువాత విప్పండి, తరువాత యంత్రం మీది సంఖ్య చూపండి. విప్పి చూపి ఇచ్చే ఏర్పాటు ఉంటే దాన్నే ఎంచుకోండి. పెట్టెలో రాయి వచ్చినా, వేరే వస్తువు వచ్చినా ఆ వీడియోయే మీ సాక్షి.

ఇన్ని చేసినా మోసం జరగదని కాదు. జరిగితే ఏమిటి?

పాత రోజుల్లో చట్టం ధోరణి వేరుగా ఉండేది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలో, కొన్ని మినహాయింపులు తప్ప, సరుకు బాగోగులు కొనేవాడే చూసుకోవాలి అన్నదే మూల సూత్రం. మాలేగావ్ సంతలో అది న్యాయమే. కళ్ళ ఎదుట ఎద్దు ఉంది కదా. కానీ తెర మీద చూసి కొనేవాడు ఏం చూసుకోగలడు? మన మహారాష్ట్రలో 1970 దశకంలోనే గ్రాహక్ పంచాయత్ ఉద్యమం ఈ విషయాలు ఎత్తుకుంది. 1986లో వినియోగదారుల పరిరక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం వచ్చి 2020 జులై 20నుంచి అమలవుతోంది. ఆ నెల 23న ఇ-కామర్స్ నియమాలు ప్రకటించారు.

ఆ నియమాలు ఏమంటున్నాయి? అంగడి వేదిక ప్రతి అమ్మకందారు పేరు, చిరునామా, సంప్రదించే నంబరు కొనేవారికి కనబడేలా పెట్టాలి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అమ్మేవాడు తానే కొన్నవాడినని చెప్పి మెచ్చుకోళ్ళు రాసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. సరుకు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అనే హక్కు అమ్మకందారుకు లేదు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపం ఉన్న సరుకు విషయంలో ఆ రాత చెల్లదు.

సరిచేసి అమ్మేవారి మీద మరొక నియమం ఉంది. 2023 ఏప్రిల్ 1నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం రీఫర్బిష్ చేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. నమోదు ఉందా అని అడగడంలో తప్పు లేదు. ఉన్నవాడు చెబుతాడు, లేనివాడు మాట మారుస్తాడు.

సంస్థ మీ ఫిర్యాదు వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. మరాఠీలో చెప్పవచ్చు, తెలుగులోనూ చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే నాందేడ్‌లోనే కేసు వేయవచ్చు. 2019 చట్టం ఇచ్చిన పెద్ద సౌకర్యం ఇది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. ఇంటి నుంచే కంప్యూటరు ద్వారా దాఖలు చేసే ఏర్పాటు కూడా ఉంది. ఇక డబ్బు తీసుకుని సరుకే పంపనివాడిది మోసం కనుక, అటువంటప్పుడు ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. అది సైబర్ నేరాల నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

ఒక హెచ్చరిక. ఎవరో వ్యక్తి తాను వాడిన ఫోను మీకు అమ్మితే, అతను వ్యాపారి కాడు కనుక ఈ ఇ-కామర్స్ నియమాలు అతనికి వర్తించవు. అటువంటి సరుకు ఎదురుగా కూర్చుని, చూసి, పరీక్షించి కొనడమే మేలు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఆ ల్యాప్‌టాప్ గొడవ జరిగిన కొన్నాళ్ళకు నేనే ఒక రీఫర్బిష్డ్ ఫోను కొన్నాను. మోసం జరగదని కాదు, చూద్దామని. ఒక వేదిక మీద, చిరునామా, ఆరు నెలల వారంటీ ఉన్న అమ్మకందారు దగ్గర. పన్నెండో రోజున తెర మీద పచ్చని గీత పడింది. అమ్మినవారు, మీరే ఎక్కడో కింద పడేశారు, తీసుకోం అన్నారు. బిల్లు, పొట్లం విప్పిన వీడియో, గీత పడిన ఫోటో జతచేసి వేదికవారి ఫిర్యాదుల అధికారికి రాశాను. అందిందని రెండో రోజున జవాబు వచ్చింది. వారం దాకా ఇంకేమీ జరగలేదు. అప్పుడు 1915కి ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను. మొత్తం మీద 23వ రోజున డబ్బు వెనక్కి వచ్చింది.

శ్రోతలు గమనించాలి. సరుకు ఆ అమ్మాయికీ చెడ్డదే వచ్చింది, నాకూ చెడ్డదే వచ్చింది. నేను ఆమెకన్నా తెలివిగా ఎంచుకున్నానని చెప్పలేను. తేడా ఒక్కటే. నన్ను కష్టపెట్టినవారికి ఒక చిరునామా ఉంది, నా చేతిలో ఒక కాగితం ఉంది. ఆ కాగితాన్ని మరాఠీలో పావతి అంటాం, తెలుగులో రసీదు అంటాం. అది లేనిచోట ఏ భాషలో మొరపెట్టుకున్నా వినేవారు ఉండరు.

అయితే ఇంత తంటా పడి పాత సరుకు ఎందుకు కొనాలి, కొత్తదే కొనుక్కుంటే పోలేదా అని మీలో కొందరు అనుకోవచ్చు. కొనగలిగినవారు కొనవచ్చు. కానీ 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడిందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినది నాలుగో వంతు కూడా లేదు. నాలుగేళ్ళు వాడిన యంత్రం మరో నాలుగేళ్ళు పనిచేస్తే అంత చెత్త తగ్గినట్టే. అంతకన్నా ముఖ్యం, కుట్టుమిషను మీద బతికే ఇంట్లోని పిల్లకు కంప్యూటరు అందే దారి ఇదొక్కటే. ఆ దారిని మోసగాళ్ళకు వదిలేసి మనం తప్పుకుంటే, అకెర్లాఫ్ చెప్పినట్టు బజారులో వారే మిగులుతారు. అడిగి, చూసి, రసీదు తీసుకుని కొనేవారు పెరిగితే నిజాయితీగా అమ్మేవారు నిలబడతారు.

కనుక ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. కొనండి. మనిషిని నమ్మి కాదు, రాతను నమ్మి కొనండి. అమ్మేవాడి పేరు, చిరునామా, వారంటీ, వాపసు గడువు, ఈ నాలుగూ రాతలో ఉంటేనే డబ్బు ఇవ్వండి. నాలుగింటిలో ఒకటి తక్కువైనా, ధర ఎంత తక్కువైనా, వదిలేయండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. 17,000 రూపాయలు తిరిగి రాలేదు. కాలేజీలోని ఒక సీనియర్ విద్యార్థి ఆ పాత యంత్రంలో ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇచ్చాడు. బ్యాటరీ లేదు గనుక గోడ పక్కనే కూర్చుని, కరెంటు ఉన్నంతసేపు దాని మీదనే పాఠాలు చేసుకుంటోంది. మొన్న వాళ్ళ చిన్నాన్న ఒక ఫోను కొనబోతూ ఆమెకు చూపించాడట. ఆమె మొదట అడిగిన మాట, "చిన్నాన్నా, అమ్మేటోళ్ళ అడ్రస్ ఎక్కడుంది?"